టెక్సాస్–ఓక్లహోమా గేమ్ ముందు రాత్రి: అభిమానుల వ్యూహాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

అక్టోబరు వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లలో నన్ను అందరూ అవే ప్రశ్నలు అడుగుతారు. కొత్తగా ఎమ్మెస్‌కి వచ్చిన పిల్లలు, ఆస్టిన్‌లో కొడుకునో కూతురునో చేర్చిన తల్లిదండ్రులు, పక్క క్యూబికల్‌లో అందరూ నారింజ చొక్కా వేసుకొస్తే కంగారుపడినవాళ్లు. జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టమని మా ఆయన సలహా. నేను ఆస్టిన్‌లో చదువుకున్నాను. మా తమ్ముడు నార్మన్‌లో. కాబట్టి ఇది నిష్పక్షపాతంగా ఉంటుందని ఆశించకండి. వాడి ఆక్షేపణలు మాత్రం అక్కడక్కడ చేర్చాను, చేర్చకపోతే బతకనివ్వడు.

అసలు ఇది ఏ గేమ్?

టెక్సాస్ యూనివర్సిటీకీ (ఆస్టిన్), ఓక్లహోమా యూనివర్సిటీకీ (నార్మన్) మధ్య ఏటా అక్టోబరులో డాలస్‌లో జరిగే కాలేజీ ఫుట్‌బాల్ గేమ్. మొదటిసారి ఆడింది 1900లో. 1932 నుంచి ప్రతి ఏడాదీ ఫెయిర్ పార్క్‌లోని కాటన్ బౌల్ స్టేడియంలోనే ఆడుతున్నారు. సరిహద్దులో పారే రెడ్ రివర్ పేరు మీద దీన్ని రెడ్ రివర్ పోరు అంటారు. రెండు ఊళ్ల నుంచీ డాలస్‌కి మూడు గంటల పైచిలుకు కారు ప్రయాణం కాబట్టి, సొంతూరి మైదానం అనే లాభం ఎవరికీ లేదు. స్టేడియంలో 92,000 మందికి పైగా పడతారు. సరిగ్గా మధ్య గీత దగ్గర జనం రెండుగా చీలిపోతారు: ఒక సగం కాల్చిన ఇటుక లాంటి నారింజ (టెక్సాస్), ఇంకో సగం ముదురు ఎరుపు (ఓక్లహోమా). గెలిచినవాళ్లకి బంగారు రంగు కౌబాయ్ టోపీ ఇస్తారు. 2025 గేమ్ తర్వాత లెక్క: టెక్సాస్ 65, ఓక్లహోమా 51, సమానం 5.

ఈ లెక్క ఇక్కడ అవసరమా అంటున్నాడు తమ్ముడు. అవసరమే.

నాకు ఫుట్‌బాల్ ఓనమాలు కూడా రావు. వ్యూహం మాట్లాడాలంటే ఎంత తెలియాలి?

ఐదు నిమిషాల పాఠం చాలు. ఒక్కో జట్టుకి మైదానంలో 11 మంది. బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, ఒక్కోదాన్ని డౌన్ అంటారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకెళ్తే మళ్లీ కొత్తగా నాలుగు. వెళ్లకపోతే బంతి ఎదుటివాళ్లది. గజం అంటే మన ప్లాట్ల బేరంలో వినే గజమే, మూడడుగులు. మైదానం వంద గజాల పొడవు. చివరిదాకా తీసుకెళ్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆపైన బంతిని తన్ని ఒక పాయింటు గానీ, బంతిని మళ్లీ చివరిదాకా చేర్చే ఒక్క ప్రయత్నం ఆడి రెండు పాయింట్లు గానీ తెచ్చుకోవచ్చు. దూరం నుంచి తన్ని కొట్టే ఫీల్డ్ గోల్‌కి 3.

కబడ్డీ తెలిసినవాళ్లకి ఒక మాట. కూతకెళ్లినవాడు ఎటు తిరుగుతాడో అని డిఫెండర్లు కళ్లతోనే అంచనా వేస్తారు చూశారా, ఇక్కడ ప్రతి డౌన్ ముందూ జరిగేది అదే. తేడా ఏమిటంటే రెండు వైపులా పదకొండేసి మంది అబద్ధమాడతారు.

మనం ప్లాన్ వేస్తే కోచ్ వింటాడా?

వినడు.

మరి ఎందుకు?

బంతి వెనకాలే కళ్లు పరుగెత్తకుండా ఉండడానికి. మొదటి రెండేళ్లు నేను బంతినే చూశాను. అంటే ప్రతి ఆటలోనూ జరగాల్సిందంతా జరిగిపోయాక చివరి ముక్క చూశానన్నమాట. ముందు రాత్రి కూర్చుని "మూడో డౌన్‌లో ఏడు గజాలు కావాలంటే నేనైతే ఇది చేస్తాను" అని కాగితం మీద రాసుకుంటే, మర్నాడు ఆ డౌన్ వచ్చినప్పుడు మీరు ప్రేక్షకులు కాదు, పరీక్ష రాసినవాళ్లు. జవాబు తప్పయినా సరే, ఎక్కడ తప్పిందో కనిపిస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. స్టేడియానికి వెళ్లేవాళ్లయితే, అభిమానుల చేతిలో నిజంగానే ఒక ఆయుధం ఉంది. దాని సంగతి కిందకొచ్చాక చెప్తాను.

శుక్రవారం రాత్రి మీ ఇంట్లో అసలు ఏం జరుగుతుంది?

మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు వామనగుంటల పీటతో పాటు ఒక డబ్బాడు చింతపిక్కలు, కొన్ని గవ్వలు తెచ్చింది, మనవళ్లకి నేర్పిద్దామని. మనవళ్లు నేర్చుకోలేదు. ఇప్పుడు అవి మా ఫుట్‌బాల్ బోర్డు. పదకొండు చింతపిక్కలు బంతి ఉన్న జట్టు, పదకొండు గవ్వలు ఆపేవాళ్లు. డైనింగ్ టేబుల్ మీద పరిచిన గళ్ల గుడ్డే మైదానం.

ముందు ఐదు పిక్కలు వరసగా పెడతాం, పక్కపక్కన ఆనించి. అవి లైన్‌మెన్, మీదికొచ్చేవాళ్లని అడ్డుకునేవాళ్లు. మధ్య పిక్క వెనక ఒకటి, క్వార్టర్‌బ్యాక్, బంతి విసిరేవాడు. వాడి పక్కన ఒకటి, రన్నింగ్ బ్యాక్, బంతి పట్టుకుని పరుగెత్తేవాడు. మిగతా నాలుగు రిసీవర్లు, విసిరిన బంతి పట్టేవాళ్లు, రెండు పక్కలకీ పంచుతాం. తర్వాత తమ్ముడు గవ్వలు పెడతాడు. వెనక రెండు గవ్వలు బోర్లా పెట్టాడంటే సేఫ్టీలు (అందరికంటే వెనక కాపలా కాసేవాళ్లు) వెనక్కి తగ్గారని, వెల్లకిలా పెట్టాడంటే ముందుకొస్తున్నారని మా మధ్య ఒప్పందం. నేను ఒక పిక్కని పక్కకి జరుపుతాను. దానికి ఎదురుగా ఉన్న గవ్వ కూడా జరిగితే వాడు మనిషికి మనిషిని కాపలా పెట్టాడు. జరగకపోతే చోటుకి కాపలా పెట్టాడు. నిజం మైదానంలో కూడా ఆట మొదలవకముందు ఒకడు అటు నుంచి ఇటు పరుగెత్తేది ఈ సంగతి తేల్చుకోడానికే. ఇది అర్థమైన రోజు నాకు రాత్రి పన్నెండింటికి నిద్ర పట్టలేదు.

మా ఆయన చదివిన కాలేజీకి ఫుట్‌బాల్ జట్టే లేదు. ఆయన తటస్థుడు, పులిహోర శాఖ మంత్రి.

ప్లాన్ మొదలుపెట్టేముందు ఏం చూసుకోవాలి?

ఎవరు ఆడుతున్నారన్నది. రెండు జట్లూ 2024 జులైలో ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్స్‌లో (తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమి) చేరాయి. అక్కడ గేమ్‌కి మూడు రోజుల ముందు నుంచి ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరు అనుమానం, ఎవరు అసలు లేరు అనే జాబితా రోజూ బయటపెట్టాలి. చివరి జాబితా ఆట మొదలవడానికి 90 నిమిషాల ముందు వస్తుంది. శుక్రవారం రాత్రి జాబితా చూడకుండా వేసిన ప్లాన్ పెళ్లికొడుకు లేని శుభలేఖ.

అందరూ క్వార్టర్‌బ్యాక్ పేరే వెతుకుతారు. మీరు లైన్‌మెన్ పేర్లు చూడండి. ఎడమ చివర నిలబడే లెఫ్ట్ టాకిల్ లేడంటే, కుడిచేత్తో విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి వీపు వైపు తలుపు తెరిచి ఉన్నట్టే. 2025లో ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ జాన్ మటీర్ చేతి ఆపరేషన్ తర్వాత ఈ గేమ్‌కే తిరిగొచ్చాడు. వాడొచ్చాడని తమ్ముడు మైసూర్‌పాక్ కూడా తెచ్చాడు. మూడు ఇంటర్‌సెప్షన్లు (వాడు విసిరిన బంతి ఎదుటివాళ్ల చేతికి చిక్కడం), టెక్సాస్ 23–6. మైసూర్‌పాక్ బాగుంది.

టీవీలో చూసే ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) ఆటకీ దీనికీ వ్యూహంలో తేడా ఉందా?

ఉంది, చాలామంది పట్టించుకోని చోట. మైదానం మీద రెండు వరసల చిన్న గీతలు కనిపిస్తాయి, హ్యాష్ మార్కులు. ప్రతి ఆటా ఆ రెండింటి మధ్యనో, వాటి మీదనో మొదలవాలి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వాటి మధ్య దూరం 18న్నర అడుగులే, కాబట్టి బంతి ఎప్పుడూ ఇంచుమించు నడిమధ్యే. కాలేజీలో 40 అడుగులు. మైదానం వెడల్పు 160 అడుగులు. అంటే బంతి ఒక హ్యాష్ మీద ఉంటే ఒక పక్క 60 అడుగులు, ఇంకో పక్క 100 అడుగులు. ఒక పక్క సందు, ఒక పక్క బజారు అన్నమాట. గవ్వలు పెట్టేవాడు తన చురుకైనవాణ్ణి ఎక్కడ నిలబెట్టాలి? బజారులో పెడితే సందులో మొరటువాడు మిగులుతాడు. ఈ ఒక్క ప్రశ్న మీద మా ఇంట్లో ఒకసారి గంటన్నర గడిచింది.

రెండో తేడా: పాస్ విసిరే ఆటలో లైన్‌మెన్ ఎంత ముందుకెళ్లొచ్చు అన్నది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక గజం, కాలేజీలో మూడు. ఆ రెండు గజాల తేడాలోనే కాలేజీ ఆట సగం దాగుంది. లైన్‌మెన్ రన్ ఆటలాగే ముందుకు తోసుకెళ్తారు, క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి ఒక్క డిఫెండర్ వైపు చూస్తాడు. వాడు ముందుకొచ్చాడా, బంతి వెనక్కి లాగి వాడు ఖాళీచేసిన చోటికి విసురుతాడు. వెనకే ఉండిపోయాడా, బంతి ఇచ్చేస్తాడు. దీన్ని ఆర్‌పీఓ (రన్-పాస్ ఆప్షన్) అంటారు. ఇందులో డిఫెండర్ తప్పు చేయక తప్పదు, ఎందుకంటే వాడు ఏది చేస్తే అదే తప్పు. గేమ్ చూసేటప్పుడు ఆ ఒక్కణ్ణి, సాధారణంగా మధ్యలో నిలబడే లైన్‌బ్యాకర్‌ని, పది ఆటల పాటు చూడండి. బంతి గురించి మర్చిపోండి.

బ్లిట్జ్ ఎప్పుడు చేయాలి?

ప్రతిసారీ చేయాలని కొత్త అభిమానుల అభిప్రాయం. మామూలుగా నలుగురు క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకుతారు. ఐదుగురో ఆరుగురో దూకితే బ్లిట్జ్. ఆరుగురు దూకితే వెనక మిగిలేది ఐదుగురు, కాపలా కాయాల్సినవాళ్లూ ఐదుగురు. ఒక్కడు కాలు జారితే వెనక ఇంకెవడూ లేడు. నా వాడుక సూత్రం: కుర్ర క్వార్టర్‌బ్యాక్ అయితే మొదటి క్వార్టర్‌లోనే (ఆటలో మొదటి పావు వంతు) రెండుసార్లు దూకి, తర్వాత దూకుతున్నట్టు నటించి వెనక్కి తగ్గాలి. వాడు రాని మనిషిని చూసి బంతి తొందరగా విసిరేస్తాడు. తమ్ముడు ఒప్పుకోడు. వాడిది ఎప్పుడూ ఆరుగురు గవ్వల సంప్రదాయం.

నాలుగో డౌన్‌లో తన్నాలా, ఆడాలా?

అభిమానుల మధ్య స్నేహాలు చెడేది ఇక్కడే. ఎదుటివాళ్ల 40 గజాల గీత దగ్గర రెండు గజాలు కావాలంటే నేను ఆడమంటాను. అక్కణ్ణుంచి బంతి తన్ని వదిలించుకుంటే (పంట్) చాలాసార్లు అది చివరిదాకా వెళ్లిపోతుంది, ఎదుటివాళ్లు 20 దగ్గర మొదలుపెడతారు. మీకు మిగిలింది ఇరవై గజాలే. దానికోసం బంతి ఇచ్చేయడం దండగ.

దీనికి ఎదురు సాక్ష్యంగా తమ్ముడు 2023 గేమ్ తీస్తాడు. టెక్సాస్ ఒక గజం దూరంలో ఉంది. ఒకే ఒక్క గజం, నాలుగు ప్రయత్నాలు. నాలుగూ ఓక్లహోమా ఆపేసింది. ఆ గేమ్ చివరికి 34–30తో వాళ్లే గెలిచారు, 15 సెకన్లు మిగిలి ఉండగా డిలన్ గేబ్రియల్ విసిరిన టచ్‌డౌన్‌తో. అక్కడ నాలుగో డౌన్‌లో ఫీల్డ్ గోల్ తన్ని 3 పాయింట్లు తీసుకుంటే సరిపోయేదిగా అని ఏటా అడుగుతాడు. నా జవాబు కూడా ఏటా ఒకటే: ఆడాలన్న నిర్ణయం సరైందే, ఎన్నుకున్న ఆట సరైంది కాదు. ఈ రెండూ వేర్వేరు. ఫలితం చూసి నిర్ణయాన్ని తిట్టే అలవాటు మానుకున్న ఏడాది నుంచి నేను ఆటని ఎక్కువ ఆనందిస్తున్నాను, ఓడినప్పుడు తప్ప.

14 పాయింట్లు వెనకబడి ఒక టచ్‌డౌన్ కొట్టాక రెండు పాయింట్లకి వెళ్తారెందుకు? పిచ్చా?

కాదు, లెక్క. కాగితం తీసుకోండి. ఇంకో టచ్‌డౌన్ కూడా మనమే కొడతాం, ఎదుటివాళ్లు ఏమీ కొట్టరు అనుకుందాం. రెండుసార్లూ ఒక్కో పాయింటు తన్నుకుంటే స్కోరు సమానం, ఓవర్‌టైమ్ (గెలుపు తేల్చే అదనపు ఆట), వందలో 50 సార్లు గెలుపు.

ఇప్పుడు మొదటి టచ్‌డౌన్ తర్వాత రెండుకి వెళ్దాం. వందలో 45 సార్లు దొరుకుతుందనుకోండి. దొరికితే వెనకబడింది 6 పాయింట్లే, తర్వాతి టచ్‌డౌన్, దాని మీద ఒక పాయింటు, గెలిచేశాం. 45 గెలుపులు. దొరకని 55 సార్లలో, రెండో టచ్‌డౌన్ తర్వాత మళ్లీ రెండుకి వెళ్తాం. వాటిలో దాదాపు 25 సార్లు దొరికి సమానం అవుతుంది, అందులో సగం, అంటే 12 గెలుస్తాం. మొత్తం 57. యాభై ఎక్కడ, యాభై ఏడెక్కడ? రెండు పాయింట్ల ప్రయత్నం వందలో 38 సార్లకి మించి ఫలిస్తుందన్న నమ్మకముంటే చాలు, ఇదే మేలు.

ఈ లెక్క చెప్పినా పక్కసీటు పెద్దాయన "పాయింటు చేతికిస్తే వద్దంటాడేంటి" అని తిడతాడు. తిట్టనివ్వండి.

గడియారం సంగతి కూడా ప్లాన్ చేయాలా?

చేయాలి. ఒక్కో సగానికి జట్టుకి మూడు టైమ్‌అవుట్లు. 2022 సీజన్ దాకా కాలేజీలో పది గజాలు సాధించిన ప్రతిసారీ గడియారం కాసేపు ఆగేది. ఇప్పుడు ఒక్కో సగంలో చివరి రెండు నిమిషాల్లో మాత్రమే ఆగుతుంది. 2024లో రెండు నిమిషాల దగ్గర ఒక విరామం కూడా పెట్టారు, అది రెండు జట్లకీ ఉచితంగా దొరికిన టైమ్‌అవుట్ లాంటిది. ఎదుటివాళ్ల టైమ్‌అవుట్లు అయిపోయి, రెండు నిమిషాలలోపు మన చేతిలో బంతి ఉంటే, క్వార్టర్‌బ్యాక్ మోకాలు నేలకానిస్తే చాలు, ఆనించిన ప్రతిసారీ నలభై సెకన్లు కరిగిపోతాయి.

ఇక్కడ 2021 గుర్తు చేసుకోవాలి. టెక్సాస్ మొదటి క్వార్టర్‌లోనే 28–7. మా ఇంట్లో నేను ఫోన్లు కూడా చేసేశాను. ఓక్లహోమా వాళ్లు క్వార్టర్‌బ్యాక్‌ని మార్చి కేలబ్ విలియమ్స్ అనే ఫ్రెష్‌మన్‌ని (మొదటి ఏడాది విద్యార్థి) దింపారు. చివరికి 48–48. ఫీల్డ్ గోల్ కోసం కొంచెం దగ్గరికి జరుగుతారనే అందరం అనుకున్నాం. బంతి క్వార్టర్‌బ్యాక్‌కి కాకుండా నేరుగా రన్నింగ్ బ్యాక్ కెనెడీ బ్రూక్స్ చేతికెళ్లింది, 33 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్. మిగిలింది 3 సెకన్లు. 55–48. ఆ రాత్రి చింతపిక్కల డబ్బా అలమరలో పైఅరకి వెళ్లింది.

స్టేడియంలో మనం చేయగలిగింది ఏమైనా ఉందా?

ఇదే ఆ ఆయుధం. కేక.

ఎదుటివాళ్ల చేతిలో బంతి ఉన్నప్పుడు అరవాలి, మనవాళ్ల చేతిలో ఉన్నప్పుడు నోరు మూసుకోవాలి. ఇది తెలియక నేను మొదటి గేమ్‌లో మనవాళ్ల మూడో డౌన్‌కి గొంతు చించుకుని అరిచాను. వెనక వరసలో నారింజ టోపీ పెట్టుకున్న ఒక బామ్మగారు నా భుజం తట్టి, తన పెదాల మీద వేలు పెట్టుకుని, మైదానం వైపు చూపించారు. పాఠం అంతే. చుట్టూ నలభై వేల మంది గుసగుసలాడుతుంటే నా గొంతొక్కటే వినిపించిందని అప్పుడు తెలిసింది.

అరిస్తే ఏమవుతుంది? క్వార్టర్‌బ్యాక్ నోటితో ఇచ్చే లెక్క లైన్‌మెన్‌కి వినపడదు. ఒకడు ముందే కదిలితే ఫాల్స్ స్టార్ట్, ఐదు గజాలు వెనక్కి. అందుకని నోరు వాడని ఏర్పాటు చేసుకుంటారు: గార్డ్ అనే లైన్‌మన్ వెనక్కి చూస్తూ ఉంటాడు, క్వార్టర్‌బ్యాక్ కాలెత్తగానే పక్కనున్న సెంటర్‌ని (బంతి వెనక్కి అందించే మధ్య లైన్‌మన్) తడతాడు, అప్పుడు బంతి కదులుతుంది. బైనాక్యులర్ ఉంటే ఆ తట్టడం చూడండి. అది మొదలైందంటే మీ గొంతు పని చేస్తోందని అర్థం.

2024 నుంచి హెల్మెట్‌లో రేడియో వచ్చింది. హెల్మెట్ వెనక ఆకుపచ్చ చుక్క ఉన్న ఒక్కడికి కోచ్ మాట వినపడుతుంది. ఆటల మధ్య గడియారం 15 సెకన్లకి రాగానే అది ఆగిపోతుంది. అక్కణ్ణుంచి క్వార్టర్‌బ్యాక్ ఒంటరివాడు, చూసి మార్చుకోవాలన్నా గొంతే దిక్కు. కాబట్టి మొదటినుంచీ అరిచి అలిసిపోకుండా, మైదానం చివర కనిపించే ఆ గడియారం 15 చూపించే వేళకి మీ గొంతు తారస్థాయికి చేరేలా చూసుకోండి.

ఇప్పుడు కాటన్ బౌల్ ప్రత్యేకత. జనం సగం సగం కాబట్టి, ఒక చివర మన కేకలు, ఇంకో చివర వాళ్ల కేకలు. మొదటి, మూడో క్వార్టర్లు అవగానే జట్లు వైపులు మార్చుకుంటాయి. నాణెం వేసే ఘట్టాన్ని అందరూ కార్నీ డాగ్ (పుల్లకి గుచ్చి, పిండిలో ముంచి వేయించిన సాసేజ్) తింటూ వదిలేస్తారు, మేము వదలం. నాలుగో క్వార్టర్‌లో మన జట్టు ఎటు వెళ్తూ ముగిస్తుంది, ఎర్ర చొక్కాల నోట్లోకా, మన వైపుకా? మన సెక్షన్ ముందు వాళ్లు దాడి చేసే క్వార్టర్ ఏది? ఆ క్వార్టర్‌కి గొంతు దాచుకోవాలి. మిరియాల పాలు ఫ్లాస్కులో తీసుకెళ్దామంది అమ్మ, గేటు దగ్గర ఆపేస్తారని చెప్పాల్సొచ్చింది.

ఓవర్‌టైమ్‌లో?

కాలేజీ ఓవర్‌టైమ్‌లో రెండు జట్లూ మైదానం ఒకే చివర, 25 గజాల గీత నుంచి ఆడతాయి. టాస్ గెలిచినవాళ్లు ముందు ఆపుతామనో, ఫలానా చివర ఆడదామనో ఎన్నుకోవచ్చు. మామూలు స్టేడియంలో చివరకి పెద్ద విలువ లేదు. ఇక్కడ ఆ చివర ఎవరి జనం కూర్చున్నారన్నది పెద్ద విషయం. టాస్ ఓడినవాళ్లకి మిగిలే ఎంపిక కూడా తక్కువేం కాదని నా వాదన. 2020లో నాలుగు ఓవర్‌టైమ్‌లు ఆడి ఓక్లహోమా 53–45తో గెలిచింది. 2021లో నిబంధన మార్చారు: మూడో ఓవర్‌టైమ్ నుంచి రెండు పాయింట్ల ప్రయత్నాలు మాత్రమే, ఒకరి తర్వాత ఒకరు. కాబట్టి ముందు రాత్రి మీ దగ్గరున్న అన్నిటికంటే మంచి రెండు పాయింట్ల ఆటలు మూడు రాసి పెట్టుకోండి. ఒకటి మూడో క్వార్టర్‌లో వాడేస్తే తర్వాత ఏడుస్తారు.

ఎదుటి జట్టు గుట్టు ముందే కనిపెట్టొచ్చా?

పాత ఆటల వీడియోలు ఎన్నైనా చూడొచ్చు. కానీ రాబోయే ప్రత్యర్థి ఆట దగ్గరికి మనిషిని పంపి చూసి రావడాన్ని కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 1994లో నిషేధించింది. ఇది జట్లకి, మీకు కాదు.

గుట్టు విషయంలో ఈ రెండు జట్లకీ పెద్ద కథే ఉంది. 1968లో టెక్సాస్ కోచ్ డారెల్ రాయల్ దగ్గర పనిచేసే ఎమరీ బెలార్డ్ ఒక కొత్త అమరిక తయారుచేశాడు. క్వార్టర్‌బ్యాక్ వెనక ఒకడు, వాడి వెనక రెండు పక్కలా ఇద్దరు, పైనుంచి చూస్తే కోడి రొమ్ములోని చీలిన ఎముకలా ఉంటుంది. అదే విష్‌బోన్. దాంతో టెక్సాస్ వరసగా 30 గేములు గెలిచింది. 1970లో ఓక్లహోమా సీజన్ మధ్యలో అదే అమరికకి మారింది, మొదటిసారి వాడింది టెక్సాస్ మీదే. 41–9తో ఓడింది. మర్నాటి ఏడు అదే విష్‌బోన్‌తో వచ్చి 48–27తో గెలిచింది. ఆ 1971 జట్టు గేముకి సగటున 472 గజాలు పరుగెత్తింది. మా వంట మేము వండుకుంటుంటే పొరుగావిడ రుచి చూసి ఇంకా బాగా వండినట్టు.

ఇంకా ఉంది. 1972లో టెక్సాస్ రహస్యంగా సాధన చేసిన క్విక్ కిక్‌ని (నాలుగో డౌన్ రాకముందే ఉన్నట్టుండి తన్నే పంట్) ఓక్లహోమా సిద్ధంగా ఉండి అడ్డుకుంది, 27–0. మా ప్రాక్టీసుని దొంగచాటుగా చూశారని రాయల్ పట్టుబట్టాడు. 1976లో ఆ గొడవ పేపర్లకెక్కింది. ఆ గేమ్‌కి అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ వచ్చాడు, స్కోరు 6–6. రాయల్‌కి కోచ్‌గా అదే చివరి సీజన్. గూఢచర్యం నిజమేనని తర్వాత ఓక్లహోమా కోచ్ బ్యారీ స్విట్జర్ ఒప్పుకున్నాడు. అసలు విచిత్రం ఏమిటంటే రాయల్ పుట్టిందీ ఓక్లహోమాలో, ఆడిందీ ఓక్లహోమాకే. ఈ పేరా చదివి తమ్ముడు మౌనంగా ఉన్నాడు.

అందరూ మర్చిపోయే విషయం ఏది?

తన్నే ఆటలు. పదిమంది ప్లాన్ వేస్తే తొమ్మిదిమంది పంట్ గురించి ఒక్క వాక్యం రాయరు. 2025లో టెక్సాస్ కుర్రాడు రయన్ నిబ్లెట్ పంట్ పట్టుకుని 75 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 2018లో 45–45 దగ్గర కామెరన్ డికర్ 40 గజాల నుంచి తన్నాడు, 9 సెకన్లు మిగిలాయి, టెక్సాస్ 48–45. మా బోర్డు మీద కిక్కర్‌కి విడిగా ఒక గురివింద గింజ పెట్టుకున్నాం ఇప్పుడు.

రోజు ప్లాన్ ఎలా? టికెట్, ప్రయాణం, తిండి?

గేమ్ టికెట్‌తోనే టెక్సాస్ స్టేట్ ఫెయిర్‌లోకి కూడా వెళ్లొచ్చు, వేరే టికెట్ అక్కర్లేదు. కారు వద్దు. డార్ట్ గ్రీన్ లైన్ రైలు ఫెయిర్ పార్క్ గేటు ముందే ఆగుతుంది. తిరుగు ప్రయాణంలో స్టేషన్ దగ్గర జనం ఉంటారు కాబట్టి ఆట అవగానే పరుగెత్తకుండా జాతరలో ఒక గంట తిరగండి. అక్టోబరే కదా అని తేలిగ్గా తీసుకోకండి, మధ్యాహ్నం ఎండ మన ఊరి ఎండలాగే మాడుస్తుంది. సంచి నిబంధనలు ముందే చూసుకోండి. 55 అడుగుల బిగ్ టెక్స్ బొమ్మ కింద కలుసుకుందామని అందరూ అనుకుంటారు, అక్కడ ఎవరూ ఎవరికీ దొరకరు. శాకాహారులకి కాల్చిన మొక్కజొన్న పొత్తులు దొరుకుతాయి. ఇక్కడ వెన్నని కూడా పిండిలో ముంచి వేయించి అమ్మిన చరిత్ర ఉంది. మిరపకాయ బజ్జీ జాతి వాళ్లం మనం, ఆశ్చర్యపోకూడదు.

పందెం కాయొచ్చా?

టెక్సాస్‌లో క్రీడా పందేలు చట్టబద్ధం కాదు. వీసా మీద ఉన్న పిల్లలు ఆ జోలికే పోకండి. మేము కాసేది గిన్నెలు. ఓడినవాళ్లు ఆదివారం గిన్నెలు తోమాలి.

ఇంట్లో రెండు పక్షాలు ఉంటే ప్లాన్ దాచుకోవడం ఎలా?

దాచుకోలేరు. తమ్ముడు ఫ్రిజ్ మీద అతికించిన కాగితం నేను చదివాను, నా కాగితం వాడు ఫోటో తీసుకున్నాడు. పిల్లల్ని మధ్యవర్తులుగా వాడితే చాక్లెట్ ఎక్కువ ఇచ్చినవాళ్ల వైపు తిరుగుతారు. గేమ్ రోజు మాత్రం ఒకే సోఫాలో కూర్చోవద్దు.

మీరు వేసిన ప్లాన్ ఒక్కసారైనా నిజమైందా?

ఒకసారి. 2022లో. మొదటి నుంచీ బంతి పంచుకుంటూ, ఓక్లహోమా లైన్‌బ్యాకర్లని పక్కలకి లాగి మధ్యలోంచి వెళ్లాలని రాశాను. టెక్సాస్ 49, ఓక్లహోమా సున్నా. మూడో క్వార్టర్‌లో తమ్ముడు లేచి వంటింట్లోకెళ్లాడు. కుళాయి చప్పుడు వినపడింది. వెళ్లి చూస్తే గిన్నెలు తోముతున్నాడు.

"ఇంకా ఆదివారం రాలేదుగా" అన్నాను.

"అక్కా, నువ్వు వెళ్లి ఆట చూడు" అన్నాడు.